తాతయ్యకు చెప్పిన గెలాక్సీలు

కిందటి నెల కామేశ్వరి టీచరుగారి పెద్దకర్మకు కొత్తపేట వెళ్లాను. భోజనాలకు ముందు ఆవిడ ఫోటో దగ్గర నలుగురూ నాలుగు మాటలు చెప్పుకుంటున్నారు. ఆవిడ తమ్ముడిగారి అబ్బాయి నా దగ్గరికి వచ్చి, "మీరు పుస్తకాలు రాస్తారట కదండీ, మీరూ రెండు ముక్కలు చెప్పాలండి" అన్నాడు. లేచి చెప్పాను. మధ్యలో రెండుచోట్ల మాట రాక ఆగాను. కూర్చున్నాక పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, దుఃఖానికి గొంతు పూడుకుపోయింది పాపం అని అందరికీ వినబడేలా అంది. దుఃఖం నిజమే కానీ ఆ ఆగడం దుఃఖం వల్ల వచ్చింది కాదు. అది చిన్నప్పటి నుంచీ నాతోనే ఉంది. నాకు నత్తి. ఇన్నేళ్లలో చాలావరకు సర్దుకుంది గానీ కొన్ని అక్షరాల దగ్గర ఇప్పటికీ నాలుక కొయ్యబారిపోతుంది. ఆ పెద్దావిడకు ఇదంతా చెప్పాలనిపించలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, టీచరుగారి కోసం వెళ్లినదాన్ని దారంతా మా తాతయ్యను తలుచుకుంటూ వచ్చాను. ఆవిడా ఆయనా నా మనసులో ఒక్కచోటే ఉంటారు. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి నుంచి మొదలుపెట్టాలి.

పలివెల దాటాక కాలవగట్టు మీద మా ఊరు. తెల్లవారుతుండగానే మామ్మ పెరట్లో నీళ్లకాగు కింద ఎండు డొక్కలు పెట్టి మంట వేసేది. కొబ్బరి డొక్కల పొగకు ఒక తియ్యటి ఘాటు ఉంటుంది. అది జుట్టుకు పట్టుకుంటే తలంటుకున్నా వదిలేది కాదు. కాలవలో నానేసిన పీచు వాసన, దాలిగుంటలో కాగే పాల వాసన, వీటన్నిటి మీదా తాతయ్య గొంతు. గోదావరి అవతల కపిలేశ్వరపురం వైపు మాకు కాస్త లంక భూమి ఉండేది. తాతయ్య ఇవతలి గట్టు మీద నిలబడి కేకేస్తే అవతలి రేవులో పడవ కదిలేదని ఊళ్లో చెప్పుకునేవారు. ఆ గొంతులో రోజంతా ఎక్కువగా వినిపించే మాట ఒకటే, "ఎంత?" కొబ్బరి దింపు దింపినవాళ్లు వస్తే కాయ ఎంత. వాన పడితే చేలో నీరెంత. ఎవరికైనా జ్వరం వస్తే ఎంత ఉంది. నేను బడి నుంచి వస్తే మార్కులెంత. అన్నిటికీ ఆయనకు ఒక కొలత కావాలి. కొలత చెప్పలేనివాడు సంగతి తెలియకుండా మాట్లాడుతున్నాడని ఆయన లెక్క.

అంత గొంతున్న మనిషి ఇంట్లో నత్తి పిల్లగా పెరగడం కష్టమే. మార్కులు ఎంతని అడిగితే నాకు అంకె తెలుసు, నోటికి రాదు. తాతయ్య "ఊఁ, ఊఁ, కానీ" అంటూ చేత్తో గాలిని ముందుకు తోసేవారు. ఆయన తోసేకొద్దీ మాట ఇంకా వెనక్కి పోయేది. మా అమ్మకు జాలి ఎక్కువ. నేను మొదలుపెట్టిన మాట తనే పూర్తిచేసేసేది. చాలాసార్లు నేను చెప్పాలనుకున్నది అది కాదు, కానీ కాదని చెప్పడం ఇంకో మాట కదా అని ఊరుకునేదాన్ని. మామ్మ మాత్రం రోజూ పొద్దున్నే సానమీద వసకొమ్ము అరగదీసి, తేనె చుక్క కలిపి నా నాలుక మీద రాసేది. వస పెడితే మాటలొస్తాయని నమ్మకం. ఆ చేదూ ఆ ఘాటూ బళ్లో మొదటి పీరియడు దాకా నోట్లోనే ఉండేవి. హాజరు పిలిచేటప్పుడు నా వంతు రాగానే పక్కనున్న పిల్ల నా బదులు పలికేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక పొద్దున తాతయ్య వాకిట్లో కాయల రాశి పక్కన నిలబడి కాయ ఎంతని అడుగుతున్నారు. ఆ మాట సగంలో పక్కకు ఒరిగిపోయింది. మాటతో పాటే ఆయనా రాశి మీదికి ఒరిగిపోయారు. అమలాపురం ఆసుపత్రిలో చాలా రోజులు ఉంచారు. ఇంటికి తెచ్చేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయడం లేదు. మాట పూర్తిగా పోయింది. మనం చెప్పేదంతా ఆయనకు తెలుస్తుందని, నోటికే దారి మూసుకుపోయిందని డాక్టరుగారు నాన్నకు చెప్పారు. రోజూ ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని మాట్లాడుతూ ఉండాలని, ఆయన ఏదైనా పలకబోతే మీరు అందించకుండా వేచి ఉండాలని, అలా చేస్తే కొంత తిరిగి రావచ్చని అన్నారట. మొదట్లో ఊరంతా వచ్చింది. అరటిపళ్ల అత్తాలు, హార్లిక్సు సీసాలు తెచ్చేవారు. వచ్చినవాళ్లు ఆయన మంచం పక్కనే కూర్చుని, ఆయనకు చెవులు కూడా పోయినట్టు, ఆయన గురించి నాన్నతో మాట్లాడి వెళ్లేవారు. కొన్నాళ్లకు ఎవరైనా గుమ్మంలోకి వస్తుంటే తాతయ్య మొహం గోడవైపు తిప్పుకోవడం మొదలుపెట్టారు. గంజి పట్టినా పెదవి విప్పేవారు కాదు. ఆయన బతకాలనుకోవడం మానేస్తున్నారని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

నాన్నకు పొలం, అమ్మకు వంటిల్లు. మామ్మకు ఆయన ఒళ్లు తుడవడం, నారాయణ తైలం రాయడంతోనే పొద్దు గడిచిపోయేది. ఎదురుగా కూర్చుని మాట్లాడే పని ఎవరికీ కుదరలేదు. ఒకరోజు పొద్దున మామ్మ నా నాలుకకు వస రాసి, మిగిలింది తీసుకెళ్లి తాతయ్య నాలుకకు రాసింది. రాసి, నావైపు తిరిగి, "ఇవాళ్టి నుంచి బడి నుంచి రాగానే ఆయన దగ్గర కూర్చో. ఇద్దరూ కలిసి నేర్చుకోండి" అంది. వేళాకోళం అనుకున్నాను. మామ్మ నవ్వలేదు.

ఆ సాయంత్రం నుంచి నవారు మంచం పక్కన పీట వేసుకుని కూర్చునేదాన్ని. ఏం చెప్పను? బళ్లో సంగతులు రెండు రోజుల్లో అయిపోయాయి. పాఠాలు చదివితే ఆయన కళ్లు మూసుకునేవారు. అప్పుడు కామేశ్వరి టీచరుగారిని అడిగాను. ఆవిడది రాయవరం. మా బళ్లో సైన్సు చెప్పడానికి వచ్చి కొత్తపేటలో గది అద్దెకు తీసుకుని ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు. ఆవిడ గదిలో గోడవారగా పుస్తకాలు, వాటి మధ్య ఒక కిరోసిను స్టవ్వు, అంతే సామాను. ఇంట్లో పెద్దాయనకు చదివి వినిపించాలని నేను తిప్పలు పడి చెప్పేదాకా ఆవిడ ఓపిగ్గా విన్నారు. తరవాత నక్షత్రాల మీద బొమ్మలున్న ఒక లావుపాటి పుస్తకం తీసి ఇచ్చారు. చదవడం కూడా నాకు మాట్లాడినట్టే ఉండేది. 'గెలాక్సీ' అన్న మాట ప్రతి పేజీలో ఉంది. గ దగ్గర నాలుక అతుక్కుపోయేది. కానీ నేను ఆగినప్పుడు "ఊఁ, కానీ" అనడానికి తాతయ్యకు గొంతు లేదు, గాలిని తోయడానికి చెయ్యి లేదు. ఆగితే ఆయనా ఆగేవారు. నా వైపే చూస్తూ వేచి ఉండేవారు. పుట్టి బుద్ధెరిగాక నేను చెప్పబోయే మాట కోసం ఒక మనిషి అలా వేచి ఉండడం అదే మొదటిసారి.

కొన్నాళ్లకు ఆ పుస్తకంలో అతి పెద్ద గెలాక్సీల దగ్గరికి వచ్చాం. మన సూర్యుడు ఉన్న పాలపుంత ఒక గెలాక్సీ అని, దాని చేతులు సుడి తిరిగి ఉంటాయని, వెలుతురు ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలంటే లక్ష ఏళ్లు పడుతుందని అప్పటికి చదివేశాను. ఇక ఈ పెద్దవాటికి సుడి ఉండదు, చేతులుండవు, కోడిగుడ్డులా నున్నగా ఉంటాయి, గెలాక్సీల గుంపు నడిమధ్య కూర్చుని ఉంటాయి, వాటి ముందు మన పాలపుంత చాలా చిన్నది అని ఆ రోజు చదివాను. మామ్మ ఆయన పాదాలకు తైలం రాస్తోంది. పేజీ తిప్పబోతుంటే మంచం మీద నుంచి ఒక చప్పుడు వచ్చింది. దగ్గు అనుకున్నాను. మళ్లీ వచ్చింది. తలెత్తి చూస్తే తాతయ్య ఎడమచెయ్యి పుస్తకం వైపు చాచి ఉంది, మెడనరాలు ఉబ్బి ఉన్నాయి.

"ఎం... త?"

మామ్మ చేతులు పాదం మీదే ఆగిపోయాయి. మాట వచ్చిందని మాకు చూపించడానికి ఆయన అనలేదు. నిజంగానే ఆయనకు కొలత కావాలి. చిన్నది, పెద్దది అంటే కుదరదు. నాకేమో ఆయనకు అర్థమయ్యేలా చెప్పడం తెలియలేదు. "రే... రేపు చెప్తాను తాతయ్యా" అన్నాను. ఆయన తల ఊపారు. ఆ రాత్రి గంజి అంతా తాగారని మామ్మ చెప్పింది.

మర్నాడు టీచరుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ మధ్యాహ్నం అన్నం మానేసి నల్లబల్ల నిండా లెక్కలు వేశారు. సాయంత్రం నేను ఇంట్లోంచి ఒక ఆవగింజ తెచ్చి తాతయ్య అరచేతిలో పెట్టాను. సూర్యుడు ఇంత ఉన్నాడనుకుంటే, మనకు అన్నిటికంటే దగ్గరున్న నక్షత్రం ఇంకో ఆవగింజ అనీ, అది కాకినాడ అవతల ఎక్కడో పడి ఉంటుందనీ చెప్పాను. మధ్యలో అంతా ఖాళీ. అలాంటి ఆవగింజలు వేల కోట్లు కలిస్తే మన పాలపుంత. ఆ పెద్ద గెలాక్సీల్లో అయితే లక్షల కోట్లు. వెలుతురు ఒక్క సెకనులో భూమిని ఏడుసార్లు చుట్టేస్తుంది. అంత జోరుగా పోయినా వాటి ఈ కొస నుంచి ఆ కొసకు పదుల లక్షల ఏళ్లు. ఇదంతా చెప్పడానికి నాకు గంట పైన పట్టింది. తాతయ్య అరచెయ్యి ముడవకుండా ఆ ఆవగింజనే చూస్తూ విన్నారు.

తరవాత రోజుకొక ప్రశ్న. ప్రశ్న అంటే ఒక్క మాటే. మిగతాది నేను ఊహించుకోవాలి, కానీ డాక్టరుగారు అందించవద్దన్నారు కనుక ఊహించినా పైకి అనకూడదు. ఆ గెలాక్సీలు ఎర్రగా ఎందుకుంటాయంటే వాటిలో ఉన్నవి ముసలి నక్షత్రాలు. కొత్తవి పుట్టడానికి కావలసిన చల్లటి వాయువు వాటిలో దాదాపు అయిపోయింది. మరి అంత పెద్దవి ఎలా అయ్యాయంటే, చుట్టుపక్కల చిన్న గెలాక్సీలను ఒక్కొక్కటీ తమలోకి లాగేసుకున్నాయి. ఈ సంగతి చెప్పిన రోజు తాతయ్య మొహం ముడుచుకుంది. చాలాసేపు పెనుగులాడి, "అ... వి?" అన్నారు. ఆ చిన్నవాటిలో ఉన్న నక్షత్రాల గతేమిటని. నేను పుస్తకం చూసి, అవి ఢీకొట్టుకోవు తాతయ్యా, ఆవగింజకూ ఆవగింజకూ అంత ఎడం ఉంది కదా, పేరు పోతుందే కానీ నక్షత్రాలన్నీ ఆ పెద్దదాంట్లో ఉంటాయి అన్నాను. పక్కనే పొట్లకాయ తరుగుతున్న మామ్మ తలెత్తకుండానే, "నేను ముంగండ నుంచి వచ్చి ఈ ఇంట్లో పడలేదేంటీ. ఎక్కడికీ పోలేదుగా, ఉన్నాను" అంది. తాతయ్య గొంతులో ఏదో గురగురమంది. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు.

చలికాలం వచ్చేసరికి ఆయనకు పది పదిహేను మాటలు వచ్చాయి. నాకూ ఆయన ఎదుట ఉన్నప్పుడు మాట కాస్త సాఫీగా నడిచేది. గుమ్మం దాటితే మళ్లీ మామూలే. అప్పుడే బళ్లో సైన్సు ప్రదర్శన పెట్టారు. ఊరి పెద్దల ఎదుట పిల్లలు తలా ఒక విషయం చెప్పాలి. టీచరుగారు నన్ను గెలాక్సీల గురించి చెప్పమన్నారు. చెప్పనని ఏడ్చాను. ఆవిడ బలవంతపెట్టలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, తాతయ్య మంచం పక్కన నిలబడి, మీ మనవరాలు రానంటోందండీ అని చెప్పి మాత్రం వెళ్లారు. తాతయ్య ఎడమచేత్తో మంచం పట్టె మీద చరిచారు. "పద" అన్నారు. ఇంకేం చెప్పినా అదే మాట.

ప్రదర్శన నాడు నాన్న టాక్సీ మాట్లాడి ఆయన్ను తీసుకొచ్చారు. ఇద్దరు మనుషులు కుర్చీతో సహా ఎత్తుకొచ్చి మొదటి వరసలో కూర్చోబెట్టారు. కండువా కప్పారు, కుడిచెయ్యి దాని కింద దాచారు. నా పేరు పిలిచారు. వేదిక మీద నిలబడి నమస్కారం పెట్టాను. మొదటి వాక్యం దాటింది. రెండో వాక్యంలో 'గెలాక్సీ' వచ్చింది. గ దగ్గర ఆగిపోయాను. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. వెనక ఎవరో నవ్వడం, ఎవరో ఉష్ అనడం వినిపించాయి. పక్కన నిలబడ్డ టీచరుగారు అందించలేదు. ఆవిడ పెదవులు బిగించుకుని ఉండడం ఇప్పటికీ కళ్లకు కడుతుంది. అంతలో మొదటి వరసలోంచి తాతయ్య గొంతు వచ్చింది. పాత గొంతులో సగం కూడా లేదు కానీ హాలంతా వినబడింది.

"ఎంత?"

జనం ఘొల్లుమన్నారు. నాన్న సిగ్గుపడి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. తాతయ్య పట్టించుకోలేదు. అది బడి అనీ సభ అనీ ఆయనకు తట్టినట్టు లేదు. సాయంత్రమైంది, మనవరాలు ఎదురుగా ఉంది, చెప్పబోయి ఆగింది, ఎప్పటిలా వేచి ఉన్నారు. నేనూ జనాన్ని చూడడం మానేశాను. "మన పాలపుంత కొబ్బరికాయంత అనుకో తాతయ్యా. ఆ... ఆ పెద్ద గెలాక్సీ మన వాకిట్లో కాయల రాశి కంటే పెద్దది" అన్నాను. నవ్వులు ఆగాయి. ఆ తరవాత మొత్తం ఆయనకే చెప్పాను. ఎన్నోచోట్ల ఆగాను. ఆగిన ప్రతిసారీ ఆయన తల ఊపారు. నాకు ఇచ్చిన సమయం దాటిపోయిందని బహుమతి ఇవ్వలేదు. బయటికి వచ్చాక టీచరుగారు నా జడ సర్దుతూ, "నువ్వు ఆగినప్పుడల్లా వాళ్లకి ఆలోచించుకోడానికి టైము దొరికిందే. గబగబా చెప్పేస్తే అంత పెద్ద సంగతి ఎవరి బుర్రలోకెళ్తుంది?" అన్నారు. ఆ మాట పట్టుకునే నేను పెద్దదాన్నయ్యాను. నోటితో చెప్పలేనివి రాసుకోవడం కూడా ఆ ఏడాదే మొదలైంది.

ఇప్పుడు ఆ పుస్తకంలోని లెక్కలు చాలా పాతబడ్డాయి. ఆకాశంలోకి పంపిన దూరదర్శినులు తీసిన బొమ్మలు ఫోనులోకే వస్తున్నాయి. పెద్ద గెలాక్సీల చుట్టూ కంటికి కనీకనబడని మసక వెలుగు ఇంకా ఎంతో దూరం పరుచుకుని ఉందని, కనక వాటికి అంచు ఎక్కడో గీత గీసి చెప్పలేమని అంటున్నారు. తాతయ్య వింటే ఒప్పుకునేవారు కాదు. నత్తికీ, పక్షవాతంతో పోయిన మాటకూ ఇప్పుడు నేర్పేవాళ్లున్నారు. వస ఎవరూ అరగదీయడం లేదు, అందుకు నాకేం బెంగ లేదు. బతికినన్నాళ్లూ ఆ చేదు నేను మళ్లీ కోరుకోను. మా మనవరాలికి ఫోనులో గొంతు రికార్డు చేసి పంపుతుంటాను. అది వాటిని రెట్టింపు వేగంతో పెట్టుకుని వింటుందట. "నువ్వు ఆగేవి కూడా తొందరగా అయిపోతాయి మామ్మా, ఇంక తెలియనే తెలియదు" అని సంతోషంగా చెప్పింది. దాని ప్రేమ దానిది. నాకు మాత్రం నవారు మంచం మీద నుంచి, తొందర లేకుండా, నా మీదే నిలిచిన ఆ రెండు కళ్లు గుర్తొచ్చాయి.

తాతయ్య ఆ తరవాత రెండేళ్లు ఉన్నారు. ఆ రెండేళ్లలో ఒక సాయంత్రం సంగతి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. దీపాలు పెట్టే వేళ. ఆయన మంచం వాకిట్లో వేసి ఉంది. ఇప్పటిదాకా మనుషులకు తెలిసినవాటిలో అన్నిటికంటే పెద్దదని పుస్తకంలో రాసిన గెలాక్సీ బొమ్మ చూపిస్తున్నాను. మసకగా, ఎరుపు కలిసిన పసుపు రంగులో, మధ్యలో వెలుగుతూ ఉంది. తాతయ్య దాని మీద వేలు పెట్టి "పేరు?" అన్నారు. పేరు లేదు తాతయ్యా, రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక నంబరు ఉన్నాయంతే అన్నాను. ఆయనకు నచ్చలేదు. అంతదానికి పేరు లేకపోవడమేమిటన్నట్టు నావైపు చూశారు. "పోనీ మనం పెడదామా? ఏం పెడదాం?" అన్నాను.

తాతయ్య పెదవులు కదుపుతున్నారు, మాట దొరకడం లేదనుకున్నాను. నేనూ అందించకుండా కూర్చున్నాను. మామ్మను ఆయన జీవితమంతా "ఏమేవ్" అనే పిలిచారు. జబ్బు చేశాక ఆ పిలుపు కూడా పోయింది, మంచం పట్టె మీద చరిస్తే ఆవిడే వచ్చేది. ఇంటికి ఆవిడ పేరుతో పనే లేదు. ఊళ్లో సగం మందికి ఆవిడ పేరు తెలియదు. తాతయ్య ఆ బొమ్మ మీద నుంచి వేలు తియ్యకుండా, ఒక్కో అక్షరం తవ్వి తీసినట్టు, గట్టిగానే అన్నారు.

"మా... ణిక్యం."

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి, చిన్నపిల్ల గొంతులా ఉన్న ఒక గొంతు లోపలి నుంచి, "ఆయ్, వస్తున్నానండీ" అంది. మామ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, ఏం కావాలని అడగకుండా, మంచం పట్టె మీద ఆయన పక్కన కూర్చుంది. ఆ పేరు ఎందుకన్నారో నేను చెప్పలేదు. తాతయ్యా చెప్పలేదు.